సొంత చొక్కా

రాజేశ్వరి పుట్టి పెరిగింది చీరాలలో, మగ్గాల చప్పుడు మధ్య. వాళ్ల నాన్నకు రెండు మగ్గాలున్నాయి. ఇంట్లో దేనికి కొరత వచ్చినా గుడ్డకు మాత్రం కొరత రాలేదు. చీరకు తగ్గ జాకెట్టు, జాకెట్టుకు తగ్గ గాజులు లేకుండా ఆ పిల్ల వీధి చివర కొళాయికి కూడా వెళ్లేది కాదు. "నీళ్లకా, పేరంటానికా?" అని ఇరుగుపొరుగు ఏడిపించేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు. ఎదురొచ్చే మనిషి కట్టిన చీర చూసి అది ఏ వీధిలో నేసిందో, ఎవరి చేతిదో చెప్పేసేవాడు వాళ్ల నాన్న. ఆ కన్ను కూతురికీ వచ్చింది.

కిందటి వేసవిలో ఆమెకు అద్దంకి దగ్గర ఓ పల్లెలో పెళ్లైంది. భర్త రాము ట్రాలీ ఆటో నడుపుతాడు. మామ మాలకొండయ్య, అత్త పేరమ్మ కొంత సొంత చేను, కొంత కౌలు చేను పెట్టుకుని పత్తి, మిరప వేస్తారు. మంచి మనుషులే. మామకు నోరెక్కువ, అత్తకు తక్కువ. రాము నవ్వుతూ, నవ్విస్తూ తిరిగే రకం. ఆ ఇంట్లో రాజేశ్వరికి కష్టమనిపించినదేదీ లేదు, మిరప కోతలు వచ్చేదాకా.

మాఘమాసంలో ఓ పొద్దున పేరమ్మ దండెం మీద నుంచి ఒక చొక్కా తీసి కోడలి చేతిలో పెట్టింది.

"తొడుక్కో. చీర మీదే. బొత్తాలు మెడ దాకా పెట్టు."

అది రాము పాత చొక్కా. ఒకప్పుడు నీలం గళ్లుండేవేమో, ఇప్పుడు అన్నీ కలిసిపోయి ఒకే మురికి రంగు. కాలరు అరిగి పోగులు తేలాయి. జేబు ఒక మూల ఊడి వేలాడుతోంది. బొత్తాల్లో రెండు తెల్లవి, ఒకటి నల్లది, మరో చోట పిన్నీసు.

"ఇదా అత్తా?"

"మరి? మిరప చేలోకి పట్టుచీర కట్టుకొస్తావా?"

పేరమ్మ అప్పటికే మాలకొండయ్య పాత మట్టిరంగు చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకుని తయారుగా ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో అదే వాడుక. మగవాడి చొక్కా బజారుకు పనికిరాకుండా పోయాక ఆడమనిషి ఒంటి మీదికి వస్తుంది. అక్కడ ఇంకో రెండేళ్లు బతికి, ఆఖరికి మసిగుడ్డవుతుంది. కోతల కాలంలో గట్టు మీద నిలబడి చూస్తే నడుము పైన అందరూ మగవాళ్లు, నడుము కింద అందరూ ఆడవాళ్లు.

రాజేశ్వరి చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుంది. చేలో కట్టే దిష్టిబొమ్మకు ఇంకాస్త నయమైన చొక్కా వేస్తారనిపించింది. తలకు తువ్వాలు చుట్టుకుని అత్త వెనకాలే నడిచింది.

పదకొండు గంటలప్పుడు రాము మంచినీళ్ల క్యాను ఆటోలో వేసుకుని చేను దగ్గరికి వచ్చాడు. గట్టు మీద ఎవరో అటు తిరిగి కూర్చుని కాళ్లకు అంటిన మట్టి దులుపుకుంటున్నారు. చొక్కా, తలపాగా కనిపించాయి.

"బాబాయ్, కాస్త జరుగు. క్యాను దించాలి," అన్నాడు రాము.

బాబాయ్ ఇటు తిరిగింది.

చేలో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. అంకమ్మ అయితే నవ్వలేక సాలులోనే చతికిలబడింది. సైదాబీ కళ్లు తుడుచుకోబోయి కారపు చేతులు గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ సాయంత్రానికి ఊరంతా పాకింది. మర్నాడు కూడా ఎవరు ఎదురొచ్చినా "ఏం బాబాయ్, కోతకా?" అనడమే.

అన్నం తినేటప్పుడు రాజేశ్వరి భర్త కంచంలో పప్పు వేస్తూ అంది, "పెళ్లై ఏడాది కూడా కాలా. నన్ను బాబాయ్ అంటావా?"

"వెనక నుంచి గుర్తుపట్టలా రాజీ. చొక్కా నాదే గదా అని కూడా తట్టలేదు."

"చొక్కా నీదే. లోపలున్న మనిషి ఎవరిది?"

రాము నవ్వబోయి ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. రాజేశ్వరి ఆ రోజే అనుకుంది, తనకంటూ ఒక చొక్కా కుట్టించుకుంటానని.

కోతకు విరామం దొరికిన రోజున అద్దంకి వెళ్లింది. బస్టాండు వెనక సందులో ఒకే గదిని చెక్కతో రెండు భాగాలు చేసుకుని అన్నాచెల్లెళ్లు ఇద్దరు కుట్టుపని చేస్తారు. కుడి పక్క సుభానీ, జెంట్స్ టైలర్. ఎడమ పక్క సఫూరా, లేడీస్ టైలర్. రాజేశ్వరి జాకెట్లు కుట్టించుకునేది సఫూరా దగ్గరే.

"చొక్కానా?" అంది సఫూరా. "చొక్కా నా పని కాదమ్మా. పక్కన మా అన్ననడుగు."

రాజేశ్వరి చెక్క దాటి అటు వెళ్లింది. సుభానీ టేపు మెడలో వేసుకుని, "ఎవరికి? మీ ఆయనకా? ఆయన్నే రమ్మను, కొలతలు తీసుకుంటా," అన్నాడు.

"నాకేనన్నా."

సుభానీ టేపు తీసి బల్ల మీద పెట్టేశాడు. "ఆడోళ్ల కొలతలు నేను తీసుకోనమ్మా. మా చెల్లెలుంది, అటెళ్లు."

మళ్లీ ఇటు వచ్చింది. సఫూరా మళ్లీ అటు చూపించింది. రాజేశ్వరికి విసుగొచ్చి ఇద్దరికీ వినపడేలా అడిగింది, "మరి ఆడోళ్ల చొక్కా ఎవరు కుడతారు?"

చెక్కకు ఇటు పక్క మిషనూ ఆగింది, అటు పక్క మిషనూ ఆగింది.

"ఇన్నేళ్ల నుంచీ ఈ మాట ఎవరూ అడగలేదే," అంది సఫూరా. "కూర్చో. అసలెందుకు నీకీ చొక్కా?"

రాజేశ్వరి బాబాయ్ సంగతి చెప్పింది. చెక్క అవతల సుభానీ దగ్గు నటిస్తూ నవ్వుకోవడం వినిపించింది. సఫూరా నవ్వలేదు. గోడకు తగిలించి ఉన్న తన బురఖా తీసి, చేతి అంచును వెలుతురులోకి పట్టింది. నల్లటి గుడ్డ మీద నల్ల దారంతోనే సన్నటి మల్లె తీగ అల్లి ఉంది. దగ్గరికొస్తే తప్ప కనిపించదు.

"నేనే కుట్టుకున్నా. చూసేవాళ్లకి అన్నీ ఒకటే నలుపు. బస్టాండులో ఎంతమంది బురఖాల్లో నిలబడ్డా మా అమ్మ జోహరాబీ మాత్రం ఈ అంచు చూసి నన్ను పిలుస్తది. మిగతావాళ్లకి తెలియకపోతే పోనీ. నాకు తెలుసు గదా." బురఖా మళ్లీ తగిలించింది. "గుడ్డ తెచ్చావా?"

రాజేశ్వరి తెచ్చింది. నాన్న మగ్గం మీద చీర తీశాక మిగిలిన ముక్క, లేత చిలకాకుపచ్చ, పెళ్లిపెట్టెలో అడుగున దాచుకున్నది. నడుము దగ్గర కాస్త ఒంటికి పట్టేలా, చేతులు మోచేయి దాటి కొంచెం కిందికి, మెడ దగ్గర చిన్న కాలరు, జేబు మీద తెల్ల దారంతో ఒక పువ్వు. సఫూరా రెండు రోజుల్లో కుట్టి ఇచ్చింది. కాలరు మాత్రం చెక్క మీదుగా అన్నకు అందించి కుట్టించింది. ఆ సంగతి రాజేశ్వరికి చాలా రోజుల తర్వాత తెలిసింది.

కొత్త చొక్కాతో చేలోకి వెళ్లిన పొద్దున అందరూ కోత ఆపి చూశారు.

"ఏమే, కోతకొచ్చావా, కాలేజీకొచ్చావా?" అంది అంకమ్మ.

సైదాబీ చేతులు చీరకు తుడుచుకుని వచ్చి గుడ్డ పట్టుకుని చూసింది. "ఎంత మెత్తగుందే! మీ నాన్న నేసిందేనా?"

పేరమ్మ ఒక్క మాట అనలేదు. దండెం మీద కొడుకు చొక్కా అలాగే ఉండిపోవడం ఆమె పొద్దున్నే చూసింది. కోడలి వైపు ఒకసారి చూసి, తలపాగా సర్దుకుని సాలులో ముందుకు వెళ్లిపోయింది. ఆ మౌనం రాజేశ్వరికి గుచ్చుకుంది గానీ, ఆ పూట ఆమెకున్న సంతోషం ముందు అది నిలవలేదు.

ఎండెక్కేదాకా బాగానే ఉంది. చెమట పట్టాక అసలు కథ మొదలైంది. పలచటి గుడ్డ వీపుకు అంటుకుపోయింది. పండు మిరప తొడిమ విరిచినప్పుడల్లా రేగే కారం ఆ నేతలోంచి సూటిగా లోపలికి దిగింది. మణికట్లు రెండూ బయటే ఉన్నాయి. మెడ ముందు భాగమంతా తెరిచే ఉంది. మొదట చురుక్కుమంది, తర్వాత భగ్గుమంది. అత్త దగ్గర తువ్వాలు అడిగి మెడకు చుట్టుకుందామా అనుకుంది. కానీ అంకమ్మ ఇటే చూస్తోంది. పళ్లు బిగపట్టి కోస్తూ పోయింది.

నీళ్ల క్యానుతో వచ్చిన రాము ఈసారి ఆటో దిగకముందే చేనుకు ఆ చివర నుంచి కేకేశాడు. "రాజీ! బాగుందే చొక్కా!"

రాజేశ్వరి అటు తిరిగి నవ్వింది. ఆమె కళ్ల నిండా నీళ్లు. పెళ్లాం సంతోషం పట్టలేక ఏడుస్తోందనుకుని రాము ఆ పూటంతా గర్వంగా ఆటో నడిపాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చేతులు మోచేతుల దాకా కందిపోయాయి. మెడ మీద చెయ్యి పెట్టనివ్వడం లేదు. నీళ్లు పోసుకుంటే మంట రెట్టింపైంది. దొడ్లో గోడకు ఆనుకుని, ఎవరికీ కనపడకుండా వెక్కుతూ కూర్చుంది. పేరమ్మ గిన్నెడు పెరుగుతో వచ్చి పక్కన కూలబడింది. మెడకు, చేతులకు చల్లగా పెరుగు పట్టించి, కాసేపాగి పైన కొబ్బరినూనె రాసింది.

"ఇట్టా అవుతదని నీకు తెలుసు గదా అత్తా. పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"చెప్తే వింటావా? మా అత్త చెప్తే నేనూ వినలా." పేరమ్మ గిన్నె పక్కన పెట్టింది. "నాకు కొత్తల్లో మీ మామ చొక్కా ఇచ్చారు. మోకాళ్ల దాకా వేలాడేది. నాకూ సిగ్గేసింది. మగోడి చొక్కా తొడుక్కుని పదిమందిలోకి ఎట్టా పోయేదని ఏడ్చా. ఆ రోజుల్లో పెద్దోళ్ల ముందు మొగుడితో మాట్లాడే వీల్లేదు. ఆయనెక్కడో, నేనెక్కడో. చొక్కా తొడుక్కుంటే ఆయన చెమట వాసనొచ్చేది. పక్కనే ఉన్నట్టుండేది. అట్టా అలవాటైపోయింది."

రాజేశ్వరి మంట మరిచిపోయి అత్త మొహంలోకి చూసింది. ఇంత పొడుగు మాట అత్త నోట వినడం ఆమెకు అదే మొదలు.

"ఇప్పుడో?"

"ఇప్పుడేముంది? ఇంటినిండా ఆయన గొంతే. ఇంక చొక్కాలో కూడా ఎందుకు?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. వాకిట్లో నుంచి మాలకొండయ్య, "ఏందా నవ్వులు? నా గురించేనా?" అని అరిచాడు. దాంతో ఇంకా నవ్వారు.

నవ్వు తగ్గాక పేరమ్మ ఆ చిలకాకుపచ్చ చొక్కాను దగ్గరికి తీసుకుని తిప్పి చూసింది. జేబు మీద పువ్వును బొటనవేలితో తడిమింది. "ఇది పండక్కి దాచుకో. చేలోకి కావాల్సింది వేరు. చేతులు వేళ్ల దాకా రావాలి. మెడ మూసుకోవాలి, వెనక ఎండ తగలకుండా కాలరు లేచుండాలి. ఒంటికి అంటుకోకూడదు. గుడ్డ గట్టిగా ఉండాలి గానీ గాలి ఆడాలి. ముందు ఇవి చూసుకో, ఆ తర్వాత ఎన్ని పువ్వులైనా కుట్టించుకో."

రాజేశ్వరి వెంటనే నాన్నకు ఫోన్ చేసింది.

"మిరప చేలోకా?" అన్నాడు ఆయన. "నా నేత మిరప చేలోకి తొడుక్కెళ్తారా?" అవతల మగ్గం చప్పుడు ఆగింది. రాజేశ్వరి తన చేతుల సంగతి చెప్పింది. ఏ వేళ నుంచి ఏ వేళ దాకా కోస్తారో ఆయన అడిగి తెలుసుకున్నాడు. తర్వాత, "నూలు కాస్త లావుది వేస్తా. ఎండకు వెలవని రంగులే అద్దుతా. నీ ఒక్కదానికేనా?" అన్నాడు.

రాజేశ్వరి అత్త వైపు చూసింది. "మా అత్తకు కూడా నాన్నా. నాలుగైదు రంగుల్లో పంపు."

పేరమ్మ చెయ్యి అడ్డంగా ఊపింది గానీ, వద్దని నోటితో అనలేదు.

మొదటి కోత అయిపోయి, చేలో మళ్లీ కాయ పండేలోపు బస్సులో గుడ్డల మూట వచ్చింది. అత్తాకోడళ్లిద్దరూ ఆ మూట తీసుకుని సఫూరా దగ్గరికి వెళ్లారు. సఫూరా టేపు తీసుకుని దగ్గరికి రాగానే పేరమ్మ వెనక్కి జరిగింది. జాకెట్టైనా సరే, పాత జాకెట్టు ఆదికిచ్చి కుట్టించుకోవడమే తప్ప ఆమెకెవరూ కొలతలు తీసింది లేదు. "చెయ్యి చాపు పిన్నీ," అంటూ సఫూరా భుజం నుంచి వేలి కొస దాకా కొలుస్తుంటే, పేరమ్మ ఫొటోకు నిలబడినట్టు ఊపిరి బిగపట్టి నిలబడింది.

"ఏ రంగు?" అంది సఫూరా.

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటి అనే రంగు నా దగ్గర లేదు. చూసి చెప్పు."

మూట విప్పి గుడ్డలన్నీ బల్ల మీద పరిచారు. పసుపు, ఇటుక రంగు, నీలం, వంకాయ రంగు, నలుపు తెలుపు గళ్లు. పేరమ్మ ఒక్కోటీ ముట్టుకుని చూసింది. మళ్లీ మొదటి దాని దగ్గరికొచ్చింది. ఈలోపు ఎవరో జాకెట్లు తీసుకెళ్లారు, ఎవరో చుడీదార్లకు కొలతలిచ్చి వెళ్లారు. పేరమ్మ అలాగే కూర్చుంది.

"నాకు ఏ రంగు ఇష్టమో నేనెప్పుడూ అనుకోలేదే," అంది చివరికి, తనతో తనే చెప్పుకున్నట్టు. "చిన్నప్పుడు మా నాన్న తెచ్చింది, తర్వాత ఈయన తెచ్చింది కట్టుకున్నా."

రాజేశ్వరి చేతిలోని గుడ్డ బల్ల మీద పెట్టింది. వెళ్లి అత్త పక్కన కూర్చుంది.

పేరమ్మ చెయ్యి వంకాయ రంగు మీద ఆగింది. "ఇది. తొలికాపు వంకాయ మీద పొద్దున్నే ఎండ పడితే మెరుస్తదే, అట్టా ఉంది." అంతలోనే సందేహం. "నా వయసుకి బాగుంటదా?"

చెక్క అవతల నుంచి సుభానీ గొంతు వినిపించింది. "వంకాయకు వయసేందమ్మా!"

రంగు తేలాక పేరమ్మకు ధైర్యమొచ్చింది. జేబులు రెండు కావాలంది. ఒకటి ఫోన్‌కు, మూతతో సహా. రెండోది వక్కాకు సంచికి. రాజేశ్వరి చేతుల అంచులో బొటనవేలు దూరేలా ఒక కాజా పెట్టమంది, అలాగైతే కోసేటప్పుడు చెయ్యి పైకి జారదు. సఫూరా ఇద్దరి మాటలూ విని, బల్ల మీద సుద్దతో గీసి చూపించింది. ఆ తర్వాత చెక్క మీద చేత్తో కొట్టి, "అన్నా, కాలరు నిలబడాలంటే లోపల ఏం పెట్టాలి? ఇటొచ్చి చెప్పు," అని పిలిచింది.

రెండో కోత మొదటి రోజున పేరమ్మ వంకాయ రంగు చొక్కాలో, రాజేశ్వరి ఇటుక రంగు చొక్కాలో గట్టు మీద నడిచి వచ్చారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం అన్నాల దగ్గర అంకమ్మ రాజేశ్వరి చెయ్యి పట్టుకుని, చొక్కా అంచు పైకి జరిపి చర్మం చూసింది. ఎక్కడా కందలేదు.

"ఎప్పుడెళ్తున్నారే మళ్లీ అద్దంకి?" అని మెల్లగా అడిగింది.

అలా మొదలైంది. అంకమ్మ పసుపు రంగు తీసుకుంది, నొక్కితే టక్కుమని పట్టే మెరుపు బొత్తాలతో. సైదాబీ నీలం చొక్కాకు అదే గుడ్డతో తలకు కప్పుకునే ముసుగు కాలరుకే కలిపి కుట్టించుకుంది. కోసేటప్పుడు జారదు, నమాజు వేళకు విడిగా వెతుక్కోనక్కర్లేదు. వారం తిరిగేసరికి చేను రంగులతో నిండిపోయింది. గట్టు మీద నుంచి చూస్తే ఎవరు ఏ సాలులో ఉన్నారో పేరు పెట్టి చెప్పొచ్చు.

మగవాళ్లకు ఇది ఒక పట్టాన మింగుడు పడలేదు. టీ కొట్టు దగ్గర అంకమ్మ మొగుడు, "చేలోకి ఫ్యాషనేందిరా!" అన్నాడు. నీళ్ల బిందెతో అటే వెళ్తున్న అంకమ్మ ఆగి, "నువ్వు మీసానికి రంగెందుకేస్తున్నావో ముందు చెప్పు," అంది. ఆ తర్వాత టీ కొట్టు దగ్గర ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

అందరికన్నా దిగులు పడింది మాలకొండయ్య. పాత చొక్కా పేరమ్మకిచ్చేసి కొత్తది కొనుక్కోవడం ఆయన అలవాటు. ఇప్పుడు పాతది తీసుకునేవాళ్లు లేరు. "ఇంక చిరిగి పేలికలయ్యేదాకా ఇదే తొడుక్కోవాలి గామోసు," అని వచ్చిన ప్రతివాడితోనూ మొరపెట్టుకున్నాడు.

మూడో కోత జరుగుతుండగా ఓ పూట చేను పక్కన తెల్ల కారు ఆగింది. ఏదో పురుగుమందుల కంపెనీ తరఫున ఒక కుర్రాడు దిగాడు. టక్ చేసిన చొక్కా, మెడలో కార్డు. డిక్కీలోంచి పెద్ద కట్ట దించాడు. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు చొక్కాలు, వీపు మీద పెద్ద అక్షరాలతో కంపెనీ పేరు.

"అందరికీ ఉచితమండీ. ఇవి తొడుక్కుని చేలో నిలబడండి, ఒక ఫొటో తీసుకుంటా, అంతే," అన్నాడు.

ఉచితమనేసరికి ఇద్దరు ముగ్గురు కదిలారు. "ఊరికే వస్తే తీసుకుందాం, పోయేదేముంది?" అంది సైదాబీ. అందరూ పేరమ్మ వైపు చూశారు. ఎప్పుడు మొదలైందో తెలియదు గానీ, చొక్కాల సంగతి వచ్చేసరికి అందరూ ఆమె వైపే చూడడం అలవాటైంది.

పేరమ్మ ఒక చొక్కా అందుకుని తిప్పి చూసింది. "వీపు మీద ఏం రాసుంది?"

రాజేశ్వరి చదివి చెప్పింది.

"మీ పేరా బాబూ? మరి మా పేర్లేవి?"

కుర్రాడు నవ్వాడు. "పేర్లెందుకమ్మా? అందరూ ఒకేలా ఉంటే ఫొటో బాగా వస్తుంది."

"ఒకేలా ఉండి ఉండి విసిగిపోయి ఇవి కుట్టించుకున్నాం," అంది పేరమ్మ. కోపంగా కాదు, ఇంటికొచ్చిన చుట్టానికి నచ్చజెప్పినట్టు. "మా కోడలు వాళ్ల నాన్న నేశాడు. అద్దంకిలో సఫూరా కుట్టింది. దీని మీద ఇంకోటి తొడుక్కుంటే ఉక్కపోసి చస్తాం. ఫొటో కావాలంటే ఇట్టాగే తీసుకో."

కుర్రాడు తల గోక్కున్నాడు. పక్కకెళ్లి ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. ఎర్రటి కాయల మధ్య ఆ రంగులన్నీ చూస్తూ కాసేపు నిలబడ్డాడు. "సరే, ఇలాగే నిలబడండి," అన్నాడు. అంకమ్మ బొత్తాలు టక్కుటక్కుమని పెట్టుకుంది. సైదాబీ ముసుగు సవరించుకుంది. ఫొటో తీశాక కుర్రాడు తెచ్చిన కట్టను మళ్లీ మోసుకెళ్లలేక టీ కొట్టు దగ్గర మగవాళ్లకు పంచేసి పోయాడు. వాళ్లకేమీ అభ్యంతరం కనిపించలేదు. మాలకొండయ్య ఒక్కడే తీసుకోలేదు. ఆయన మనసు వేరేచోట ఉంది.

అద్దంకిలో అన్నాచెల్లెళ్ల మధ్య చెక్క తీసేశారు. సఫూరా చొక్కాల చేతులు, ఒళ్లు కత్తిరిస్తుంటే సుభానీ కాలర్లు, కాజాలు కుడుతున్నాడు. బోర్డు మీద ఏం రాయించాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ ఇంకా తేలలేదు. పక్క ఊళ్ల నుంచి కూడా ఆడవాళ్లు వస్తున్నారు. రాజేశ్వరి వాళ్ల నాన్న చీరల మగ్గాల్లో ఒకదాన్ని చొక్కా గుడ్డకే కేటాయించాడు. ఎదురొచ్చిన వాళ్లతో మొదట "చేలోకట!" అని విసుక్కున్నాడు గానీ, ఇప్పుడు "అద్దంకి వైపు వెళ్తే చూడండి, మిరప చేలల్లో నా గుడ్డే," అని తనే చెప్పుకుంటున్నాడట.

కోతలు చివరికొచ్చిన ఒక పొద్దున పేరమ్మ చొక్కా కోసం దండెం దగ్గరికి వెళ్తే అది అక్కడ లేదు. ఇల్లంతా వెతికింది. దొడ్లోకి వెళ్లి చూస్తే గేదెకు కుడితి పెడుతూ మాలకొండయ్య, ఒంటి మీద వంకాయ రంగు చొక్కా. భుజాల దగ్గర బిగిసిపోయింది. రెండు బొత్తాలు పెట్టుకున్నాడు, మూడోది అందడం లేదు.

"బొత్తాలు అటు పక్క పెట్టారేందే?" అన్నాడు దొరికిపోయినవాడిలా నవ్వుతూ.

"నాకు అటు పక్కే చేతివాటం. విప్పు."

"కాసేపుండనీవే. జేబులు రెండున్నాయి. మూత కూడా ఉంది." జేబు మూత ఎత్తి, దించి చూపించాడు. "ఇన్నేళ్లు నా చొక్కాలు తొడుక్కున్నావు, నేనేమన్నా అన్నానా?"

"నువ్వు వదిలేసినవి తొడుక్కున్నా. ఇది నేను వదల్లా."

వెనకాలే వచ్చిన రాజేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మాలకొండయ్య చొక్కా వైపు, పెళ్లాం వైపు మార్చి మార్చి చూశాడు.

"అయితే నాకూ ఒకటి కుట్టించవే," అన్నాడు చివరికి. "చిలకాకుపచ్చ. జేబు మీద పువ్వుతో. కోడలిది చూసినప్పటి నుంచీ అడుగుదామనుకుంటున్నా."

"పువ్వా మామయ్యా?" అంది రాజేశ్వరి.

"ఏం, మగోడికి పువ్వు పనికిరాదా?"

ఇంటి ముందు రాము అద్దంకి బయలుదేరడానికి ఆటో స్టార్టు చేస్తున్నాడు. ఆదికి కావాలంటూ మాలకొండయ్య వంకాయ రంగు చొక్కాతోనే గబగబా వెళ్లి ఆటో వెనక ఎక్కి కూర్చున్నాడు. పేరమ్మ ఆ రోజు కోతకు వెళ్లలేదు. తలపాగా విప్పి గుంజకు తగిలించి, ఆయన పక్కనే ఎక్కి కూర్చుంది, తన చొక్కా తన చేతికి వచ్చేదాకా దిగేది లేదన్నట్టు.